యాభై జతల పడుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎమ్మిగనూరులో అందరూ అంటారు. ఉంటుంది మరి! టెలిఫోను ఎక్స్ఛేంజి ఎదురుగా జిరాక్సు దుకాణం పెట్టుకొని, ఆ ఎక్స్ఛేంజి రాగితీగ మీద వచ్చే ఇంటర్నెట్టుతో పన్నెండేళ్లు బతికినవాడికి కోపం రాకపోతే వాడు మనిషే కాదు. ఒక ఫారం ఎక్కించాలంటే తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉండేది. నేను టీ తాగి, పేపరు చదివి, ఎదురుగా కూర్చున్నవాళ్లను తిట్టి, వాళ్లచేత తిట్టించుకొని, మళ్లీ తల తిప్పి చూస్తే అది ఇంకా తిరుగుతూనే ఉండేది. నా పేరు జయన్న. అయితే ఈ కథ నాది కాదు, హంపమ్మది.

హంపమ్మ పని చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చిందంటే, కొత్త పడుగు పోగులను పాతవాటి కొనలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు ఇంత బూడిద రాసుకొని, పాత పోగూ కొత్త పోగూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క పురి తిప్పాలి. చీర పడుగంటే వేల పోగులు. హంపమ్మ నలభై ఏళ్లుగా నేతవాళ్ల ఇళ్లకు వెళ్లి, నేల మీద కూర్చొని, ఇదే పని చేసింది. ఈ మధ్య చూపు మందగించింది గానీ ఆమెకు కళ్లతో పనేముంది? వేళ్లే అన్నీ చూసుకుంటాయి. హంపమ్మ అతికిన పోగు తెగిందన్న మాట నేనైతే వినలేదు.

కానీ ఆమెకు సొంత మగ్గం లేదు. అక్కడే వచ్చింది తంటా. నేతపనివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు కోసం నేనే మూడుసార్లు ఆమె దరఖాస్తు పెట్టాను. మూడుసార్లూ తిరిగి వచ్చింది. "మగ్గం లేదు. కావున నేతపని లేదు" అని ఎర్ర సిరాతో రాసి, కింద ముద్ర. రాసింది మా వీధిలోనే ఉన్న శివయ్య సారు. ఆయన కూర్చునేదాన్ని మేమంతా మగ్గాల ఆఫీసు అంటాం. ఆయనా నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడే. చిన్నప్పుడు వాళ్లింట్లో పడుగు అతికింది కూడా హంపమ్మేనట. అయినా ఫారంలో మగ్గం అన్న గడి ఖాళీగా ఉంటే ఆయనకు మనిషి కనిపించదు.

ఆ కార్డుతో వచ్చే కంటద్దాల మీద గానీ, మరోదాని మీద గానీ హంపమ్మకు పెద్ద ఆశ లేదు. ఆమెను కోసేసింది వేరే సంగతి. ఆ ముందటి సంవత్సరం ఇంటింటి లెక్కలకు వచ్చిన పిల్లవాడెవడో ఆమె పేరు పక్కన "వృత్తి: ఏమీ లేదు" అని రాసుకుపోయాడు. ఆ కాగితం నా దుకాణంలోనే అచ్చయింది. చదివి చెప్పమంది. చెప్పాను.

"ఏమీ లేదు అంటే ఏందప్పా జయన్నా?" అంది. "నలబై ఏండ్లు కూకోని అతికిందంతా యాడికి పోయినట్ల?"

కంప్యూటరును నాలుగు తిట్టాను. పాపం, అదేం చేసింది?

ఇలా ఉండగా మురుగుకాలువ తవ్వడానికి జేసీబీ వచ్చింది. మొదటి రోజే మా వీధి టెలిఫోను కేబులును పుటుక్కున తెంపేసింది. యాభై జతల తీగ. అంటే యాభై ఇళ్లకు యాభై జతలు, మొత్తం వంద రాగి పోగులు. ఇదివరకు ఇలాంటివి అతికే పెద్దవాళ్లు ఎక్స్ఛేంజిలో ఉండేవారు. అందరూ రిటైరై వెళ్లిపోయారు. మిగిలింది ఉమేష్ ఒక్కడే, అదీ కాంట్రాక్టు కింద. వాడికి స్తంభం ఎక్కడం వచ్చు, దిగడం వచ్చు. అతకమంటే మాత్రం పొట్టేలును గుంజకు కట్టేసినట్టు చుట్టిపారేస్తాడు. మా ఇంటర్నెట్టు ఆ గతికి రావడానికి సగం కారణం వాడి పాత అతుకులే అని నేను వాడి మొహం మీదే చాలాసార్లు అన్నాను.

"మూడు దినాల్లో లైన్లు రాకుంటే నన్ను తీసేస్తారంట అన్నా" అని నా దుకాణంలో కూర్చొని ఏడ్చాడు ఉమేష్.

హంపమ్మ అక్కడే ఉంది, మూడోసారి తిరిగొచ్చిన దరఖాస్తు చేతిలో పట్టుకొని. ఉమేష్ ఆమె చెల్లెలి కొడుకు.

"ఏడుత్తావేంరా? తెగిందాన్ని అతికేదే గదా. పా, సూపిచ్చు" అంది.

"అది దారం గాదు పెద్దమ్మా, రాగి!"

"ఏదైనా పోగే గదరా నాయనా."

అంతే. మరుసటి రోజు పొద్దున్నే హంపమ్మ ఆ గుంతలో గోనెపట్ట పరుచుకొని కూర్చుంది. నెత్తి మీద గొడుగు పట్టుకోవడానికి నన్ను నిలబెట్టారు. ఫోను లేదు, ఇంటర్నెట్టు లేదు, నాకు మాత్రం వేరే పనేముంది? ఆమె పొట్లం విప్పి వేళ్లకు బూడిద రాసుకుంది. రాగికి బూడిదెందుకని ఉమేష్ అనబోతే "అతికేటప్పుడు మాట్లాడగూడదు" అని నోరు మూయించింది. తీగల మీద రంగులున్నాయి, రంగు చూసి అతకాలని వాడు సైగ చేశాడు. ఆమె నవ్వేసింది. వరస తప్పకపోతే చాలట, రంగులు చూసేది కొత్తగా నేర్చుకునేవాళ్లట. ఎక్స్ఛేంజి వైపు కొనలు ఎడమచేతి పక్క, ఇళ్ల వైపు కొనలు కుడిచేతి పక్క వరసగా పరిపించుకొని మొదలుపెట్టింది.

నేను చూస్తూనే ఉన్నాను. ఒక జతను బిగువుగా మెలిపెడుతుంది. దాని పక్క జతను కొంచెం వదులుగా. ఆ పక్కది మళ్లీ ఇంకో రకంగా. మధ్యాహ్నం సద్దిన్నం తినడానికి లేచినప్పుడు ఎందుకిలా అని అడిగాను.

"పక్కపక్క పోగులకు ఒకటే పురి పెడ్తే ఒకదాన్నొకటి పెనేసుకుంటాయప్పా. దేని పురి దానికుండల్ల" అంది.

సాయంత్రం నాలుగు గంటలకు పని అయిపోయింది. చివర్లో ఒక చెంబెడు గంజి తెప్పించి అతుకుల మీద పూయబోయింది. ఉమేష్ ఆమె కాళ్ల మీద పడి, "పెద్దమ్మా, నీకు దండం పెడ్తా, గంజి వొద్దు" అని మొత్తుకున్నాడు. "గంజి పెట్టని పడుగు పడుగేనా?" అని గొణుక్కుంటూ ఆ గంజి తనే తాగేసింది.

దుకాణానికి వచ్చి కంప్యూటరు తెరిచాను. ఒక ఫారం ఎక్కించడానికి నొక్కి, టీ చెబుదామని వీధిలోకి తల తిప్పాను. తిరిగి చూసేసరికి ఫారం వెళ్లిపోయింది! చెడిపోయిందనుకున్నాను. మళ్లీ నొక్కాను. మళ్లీ వెళ్లిపోయింది. స్పీడు కొలిచి చూస్తే ఎప్పుడూ ఒకటిన్నర ఎంబీ దాటనిది పద్దెనిమిది చూపిస్తోంది. పన్నెండేళ్లుగా ఆ చక్రం తిరిగేలోపే నేను లోకాన్ని తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు తిట్టడానికి టైమెక్కడిది? ఎదురుగా ఉన్నామెతో, "అమ్మా, అయిపోయింది, పోండి" అంటే ఆమె నమ్మలేదు. గంటసేపు కూర్చొనే పోయింది.

అప్పుడు దుకాణం ఫోను మోగింది.

"టీచరమ్మా, మా భాగ్య లెక్కల్లో మళ్లీ తప్పింది" అని ఎవరో ఏడుపు.

రాంగు నంబరని పెట్టేశాను. మళ్లీ మోగింది. "టీచరమ్మా, రేపు ట్యూషను ఉందా?" నా పక్కిల్లు రూత్ టీచరుది. ఆమెకు రావలసిన ఫోన్లన్నీ నాకొస్తున్నాయి. కనుక్కుంటే, ఆమె పక్కనున్న మగ్గాల ఆఫీసు ఫోన్లు ఆమెకొస్తున్నాయి. ఆఫీసుకు అవతల ఉండే మాబు సాబ్ పొట్టేళ్ల వ్యాపారి. ఆయన ఫోన్లు మగ్గాల ఆఫీసుకు పోతున్నాయి. వీధి మొత్తం ఒక ఇల్లు పక్కకు జరిగిపోయింది!

ఉమేష్ హంపమ్మను లాక్కొచ్చాడు. "పెద్దమ్మా, మొదటి జత ఎట్ల అతికినావు?"

"మొదటిది అంచు గదరా. అంచు పోగు ఒంటిగా అతుకుతారా యాడన్నా? రెండేసి కలిపినా. ఈ అంచుకు కుడిపక్కవి రెండు, ఆ అంచుకు ఎడంపక్కవి రెండు. ఇప్పుడేమైందంట?"

ఏమైంది! బట్టకు అంచు గట్టిగా ఉండాలని చివరి పోగులను జంటగా వేస్తారు. అది నేతలో ఆచారం. టెలిఫోను తీగకు అంచేమిటి, నా బొంద! మొదటి రెండిళ్లను ఒకే నంబరుకు కలిపేసింది. అక్కడి నుంచి అందరూ ఒక్కో ఇల్లు జరిగారు. ఆ చివర రెండు నంబర్లు ఒకే ఇంటికి పోయి లెక్క సరిపోయింది. ఉమేష్ గుడ్లు తేలేసి అరుగు మీద కూలబడ్డాడు.

విప్పి మళ్లీ అతికితే ఈ స్పీడు ఉంటుందో పోతుందో ఎవరికి తెలుసు? వీధివాళ్లం నా దుకాణం ముందు చేరాం. మాబు సాబ్‌కు బక్రీదు బేరాలు దగ్గరకొచ్చాయి, అందరికంటే నష్టం ఆయనకే. ఆయనే అన్నాడు: "అరె భాయ్, ఫోను వస్తే పక్కింటికి ఒక కేక వేస్తే పోలా? ముంతాజు ఇప్పుడు సెల్లులో వీడియోలు గడగడా సూస్తాంది. మూడేండ్ల నుంచి ఇంట్లో ఆ గొడవతో సస్తాంటి. తీగ జోలికి పోవద్దు." ముంతాజ్ ఆయన కూతురు. అందరూ సరేనన్నారు. బయటివాళ్లకు చెప్పకూడదని కూడా అనుకున్నాం. బయటి మనిషితో అతికించినట్టు తెలిస్తే ఉమేష్ పని పోతుంది కదా. శివయ్య సారుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

పది రోజులు మా వీధి దివ్యంగా నడిచింది. మోగిన ఫోను మోగినట్టే ఎత్తి, "ఓ జయన్నా!", "ఓ టీచరమ్మా!" అని కేకలు. అన్నిటికంటే విచిత్రం రూత్ టీచరు ఇంట్లో జరిగింది. కార్డులు రానివాళ్లు, అర్జీలు తిరిగొచ్చినవాళ్లు మగ్గాల ఆఫీసుకని ఫోను చేస్తే ఆమె ఎత్తేది. పిల్లలకు చెప్పి చెప్పి అలవాటైన గొంతు. "బాధపడకు నాయనా, తప్పు ఎక్కడుందో చూసుకొని మళ్లీ రాయి" అనేది. ఆఫీసులో కొత్త మేడమొకామె వచ్చిందని, చాలా మర్యాదగా మాట్లాడుతుందని ఊరంతా పాకింది. ఒక ముసలాయన ఆమె కోసం కృష్ణగిరి నుంచి జామపండ్లు తెచ్చి శివయ్య సారు బల్ల మీద పెట్టాడు. "ఏ మేడమయ్యా?" అని సారు గదులన్నీ వెతుక్కున్నాడు.

సారు బల్ల మీద ఫోను మాత్రం ఊపిరి తీసుకోనివ్వలేదు.

"అన్నా, పెద్దకడుబూరు నుంచి. పొట్టేలు వయసెంత? నోట్లో రెండు పండ్లా, నాలుగు పండ్లా?"

"ఇది గవర్నమెంటాఫీసు!"

"ఔనా? గవర్నమెంటోళ్లు గూడా పొట్టేళ్లు అమ్ముతాండారా? తూకం ఎంతొచ్చాదన్నా?"

పదకొండో రోజున శివయ్య సారు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. పక్కింటివాళ్ల కేకలను బట్టి విషయం కనిపెట్టినట్టున్నాడు. నేరుగా గుంత దగ్గరికి వచ్చి, ఉమేష్ కాలరు పట్టుకొని అతుకుల మీద కప్పిన మూత తీయించాడు. నేనూ పరుగెత్తాను. హంపమ్మ కూడా కొంగు బిగించుకొని వచ్చి వెనక నిలబడింది. ఆమెను ఆయన చూడలేదు.

సారు ఒంగి చూశాడు. ఇంకా ఒంగాడు. అద్దాలు తుడుచుకొని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన వేలు తనకు తెలియకుండానే ఆ అతుకుల మీద నెమ్మదిగా నడిచింది.

"ఒరేయ్, ఇది అతికింది నువ్వు గాదు" అన్నాడు. "ఇది నేతోళ్ల అతుకురా! అంచు జంట పోగు చూడు. పక్కపక్కన పురి మార్చింది చూడు. మా ఇంట్లో సూసినా నేను. ఇది సేసేటోళ్లు ఇప్పుడు ఊళ్లో ముగ్గురు గూడా లేరు. ఎవుర్రా?"

కోపం తగ్గని సారు నా దుకాణంలోకి దూసుకొచ్చి, "జయన్నా, రాయి ఫిర్యాదు! ఆదోని టెలిఫోను పెద్దాఫీసుకే పంపుతా" అన్నాడు. ఆయన చెప్పుకుపోతుంటే నేను టైపు కొట్టుకుంటూ పోయాను. ఇరవై ఏళ్ల ఆఫీసు అలవాటు, ఏది చెప్పినా ధ్రువీకరణ పత్రంలాగే వస్తుంది ఆయన నోట: "పై తీగను టెలిఫోను పనివారు అతకలేదు. అంచు జంటగా వేసి, జత జతకూ పురి మార్చి చేసిన ఈ పని, మగ్గాల మధ్య కనీసం ముప్పై ఏండ్లు పనిచేసిన నేతపనివారిదే తప్ప అన్యులది కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

అది కొడుతుంటే నా వేళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆయన గమనించలేదు. సంతకం చేశాడు. సంచిలోంచి ముద్ర తీసి ఠపీమని గుద్దాడు. నేను నోరు మూసుకొని ఒక జిరాక్సు తీసి, టేబులు సొరుగులో దాచాను. నా జీవితంలో నోరు మూసుకున్నది అప్పుడే.

రెండు రోజులకు ఆదోని నుంచి పర్వేజ్ అనే చిన్న వయసు ఇంజనీరు ఫిర్యాదు కాగితంతో వచ్చాడు. ఎక్స్ఛేంజిలో కొలిచాడు, నా దుకాణంలో కొలిచాడు, మాబు సాబ్ ఇంట్లో కూడా కొలిచాడు. తన పెట్టె మీదే అనుమానమొచ్చి దాన్ని ఆపి మళ్లీ పెట్టాడు.

"ఇంత పాత తీగ మీద ఇంత స్పీడు రాదు. ఏం మిషను పెట్టినావు ఉమేష్? నిజం సెప్పు" అన్నాడు.

ఉమేష్ నా వెనక్కి జరిగాడు. హంపమ్మే ముందుకొచ్చి, తన రెండు చేతులూ ఆయన ముందు చాపింది. "ఇదే మిషనప్పా. వాన్నేమనొద్దు."

పర్వేజ్ గుంతలోకి దిగాడు, అరగంట తర్వాత పైకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, పక్కపక్క జతలకు పురి మార్చితే ఒకదాని గోల ఇంకోదానిలోకి పోదు. దీన్ని వందేండ్ల కిందటే కనుక్కున్నారు. మాకు కాలేజీలో పరీక్షకిచ్చినారు. మీకెవరు సెప్పినారు?"

"మా అవ్వ."

"ఆమె యాడ సదువుకునింది?"

"సదువా? సంతకం గూడా రాదప్పా ఆయమ్మకు."

ఇక నంబర్ల సంగతి. అతుకు విప్పుతారేమోనని వీధంతా గుంత చుట్టూ మూగింది. పర్వేజ్ అతుకు ముట్టుకోలేదు. తీగలన్నీ చేరే చట్రం ఎక్స్ఛేంజి లోపల ఉంటుంది. అక్కడే నంబర్లను ఒక్కో గడి పక్కకు జరిపి, జంటపడిన మొదటి రెండిళ్లలో ఒకదానికి విడిగా ఇంకో తీగ లాగించాడు. గంటన్నరలో వీధిలో మళ్లీ ఎవరి ఫోను వాళ్లింట్లోనే మోగింది. ఉమేష్ మీద ఏమీ రాయలేదు. పైగా ఆదోనిలో కూడా ఇలాంటి అతుకులు చాలా ఉన్నాయని, ఆమెను తీసుకురమ్మని చెప్పి పోయాడు. తన ఫోన్లు తనకు రావడం మొదలయ్యాక రూత్ టీచరు మాత్రం నాలుగు రోజులు దిగులుగా తిరిగింది.

నేను నాలుగోసారి దరఖాస్తు రాశాను. కింద ఆ ఫిర్యాదు జిరాక్సు జతచేశాను. హంపమ్మ వెంట నేనూ, ఉమేషూ వెళ్లాం.

శివయ్య సారు అలవాటుగా ఎర్ర పెన్ను తీశాడు. "మగ్గం యాడుంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ కింది కాగితం చదవండి సారు! ఎవరి సంతకమో చూడండి! మగ్గాల మధ్య ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషి తప్ప ఇంకొకరు చేయలేరని ఎవరు గుద్దినారు ముద్ర?"

ఆయన చదివాడు. తన సంతకాన్నే చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, మొదటిసారి హంపమ్మను చూశాడు.

"నువ్వా అతికింది?"

"మీ ఇంట్లో గూడా నేనే గదప్పా అతికినా, నువ్వు ఇంత ఉన్నప్పుడు. పోగులు లాగుతాంటే నీ చేతి మీద కొట్టినా ఒకసారి. మర్సిపోతివా?"

సారు ఎర్ర పెన్ను పక్కన పెట్టాడు. నీలం పెన్ను కోసం తడుముకుంటుంటే నేనే ఇచ్చాను. మగ్గం అన్న గడి దగ్గర మళ్లీ ఆగాడు. అది ఖాళీగా వదలకూడదట, కంప్యూటరు తీసుకోదట! కిటికీలోంచి గుంత వైపు ఒకసారి చూసి, గడిలో రాశాడు: "టెలిఫోను తీగ, యాభై జతలు, మెయిన్ వీధి."

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. హంపమ్మ దాన్ని నా దుకాణానికే తెచ్చింది. ఆ పొద్దున ఆదోని బస్సుకు పోతూ వచ్చింది, చేతి సంచిలో బూడిద పొట్లం.

"సదువు" అంది.

"వృత్తి: నేతపని. పడుగు అతుకు" అని చదివాను.

"ఇంగోసారి."

చదివాను. మూడోసారి అడగకముందే నేను కంప్యూటరు వైపు తిరిగాను. తిట్టడానికి అక్కడ చక్రం కూడా లేదు.

"దీన్ని జిరాక్సు తియ్యి జయన్నా" అంది. "ఈ తీగ మీదుండే ఇండ్లకంతా ఒకటి ఇయ్యల్ల. వాళ్ల నంబర్లు మార్చినా గదా, నేనెవురో వాళ్లకు తెలియల్ల."

"యాభై తీసేదా?"

"యాబై రెండు తియ్యి" అంది. "మొదటింటికి రెండు, కడాఇంటికి రెండు. అంచు గదప్పా."